అత్తగారి మోకాలు, కోడలి పిడి

వర్క్‌షాపులో ఆవిడని ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల పిడి మేడమ్ అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉన్నమాట నిజమే గానీ, దాన్ని వాడాల్సిన అవసరం ఎవరికీ పెద్దగా పడలేదు. ఇంట్లో అత్తగారికి ఆవిడ ‘అమ్మాయి’, భర్తకి ‘ఇదిగో’. వృత్తి మోకీలు మార్పిడి ఆపరేషన్లకి పనిముట్లు గీయడం. ఈ సంగతి నలుగురిలో చెప్పడం ఆవిడ ఎప్పుడో మానేసింది. చెప్పగానే ఎదుటివాళ్ళు మోకాలు చూపిస్తారు. తాను డాక్టరు కాననీ, డాక్టరు చేతిలో ఉండే ఇనప సామాను గీసే మనిషిననీ వివరించేలోపల రెండో మోకాలు కూడా చూపించేస్తారు.

ఈ ఆపరేషను, వైద్యశాస్త్రం మీద గౌరవం ఏమాత్రం తగ్గించకుండా చెప్పాలంటే, వడ్రంగం. అరిగిపోయిన ఎముక చివరల్ని రంపంతో చదునుగా కోసి, వాటికి లోహపు తొడుగులు తొడిగి, మధ్యలో ఒక ప్లాస్టిక్ బిళ్ళ పెడతారు. రంపం దాని ఇష్టం వచ్చినట్టు పోకుండా, సన్నటి గాడి ఉన్న ఉక్కు దిమ్మ ఒకటి ముందుగా ఎముకకి మేకులతో బిగిస్తారు. దాన్ని అచ్చు అంటారు. రంపం ఆ గాడిలోంచే పోవాలి, కోత తిన్నగా రావాలి. అచ్చుని పట్టుకుని సరైన చోట నిలబెట్టడానికి ఒక పిడి కావాలి. ఆవిడ జీవితంలో మంచి వయసంతా ఆ పిడికే పోయింది.

పాత పద్ధతిలో ఏ అచ్చు పిడి ఆ అచ్చుదే. కుడి మోకాలికి ఒకటి, ఎడమకి ఇంకొకటి, చిన్న ఎముకకి వేరు, పెద్ద ఎముకకి వేరు. మేకులు దిగ్గొట్టడానికి ఒకటి, పీకడానికి మరొకటి. వేరు కాపురాలు పెట్టిన అన్నదమ్ముల్లా ఎవరి సామాను వాళ్ళది. అదంతా స్టీలు డబ్బాల నిండా పరుచుకుని ఆపరేషను థియేటర్లోకి వచ్చేది. ఆపరేషను అయ్యేసరికి అందులో చాలావరకు ఎవరూ ముట్టుకోకుండానే మిగిలిపోయేది. ముట్టుకోకపోయినా మళ్ళీ అంతా కడగాలి, క్రిములు చావడానికి ఆవిరి యంత్రంలో పెట్టాలి. ఈ సామాను వెళ్ళే ఆస్పత్రిలో ఆవిరి యంత్రం చిన్నది. ఒక్క మోకాలి సామానుకే దాని కడుపు నిండిపోయేది. అందుకని రోజుకి ఒకే మోకాలు. మిగతావాళ్ళు చేతికర్ర ఊతంతో ఇంటికెళ్ళి, మా వంతు ఎప్పుడని ఫోన్లు చేస్తూ కూర్చునేవాళ్ళు. ఆ డబ్బాలు మోసీ మోసీ థియేటరు సిస్టరు నడుముకి బెల్టు కట్టుకుంది. ఇంకొన్నాళ్ళు పోతే ఈ పేషెంట్లే లేచి నన్ను మోస్తారని ఆవిడ ఒకసారి పిడి మేడమ్‌తో అంది. అక్కడున్నవాళ్ళు నవ్వారు. పిడి మేడమ్ నవ్వకుండా ఇంటికెళ్ళి గీతలు మొదలుపెట్టింది.

కొన్నేళ్ళు గీసింది, గీసినవి చెరిపింది. చివరికి ఒకే పిడి పుట్టింది. అరచేతిలో ఇమిడే ఉక్కు పిడి. దాని కొసన ఒక గొట్టం, గొట్టం లోపల తాళం. ఏ అచ్చయినా ఆ గొట్టంలో దూర్చి కొంచెం తిప్పితే టక్కుమని పట్టుకుంటుంది, వెనక్కి తిప్పితే వదిలేస్తుంది. కుడి మోకాలి అచ్చునే బోర్లిస్తే ఎడమ మోకాలికి పనికొస్తుంది. మేకులు దిగ్గొట్టే తల, పీకే తల, కొలతలు తీసే తల, అన్నీ ఆ పిడికే తగులుకుంటాయి. కుటుంబమంతా ఒకే డబ్బాలోకి కాపురానికి వచ్చేసింది.

దాన్ని ఉక్కులో చెక్కిన ఫిట్టరుకి మైక్రాన్ మేస్త్రి అని పేరు. వెంట్రుక మందాన్ని డెబ్భై ఎనభై పాళ్ళు చేస్తే అందులో ఒక పాలు మైక్రాను. మేస్త్రి లోకాన్నంతటినీ ఆ లెక్కలోనే కొలుస్తాడు. టీలో పంచదార కొన్ని మైక్రాన్లు తగ్గిందంటాడు, అల్లుడి మర్యాద ఈమధ్య కొన్ని మైక్రాన్లు అరిగిందంటాడు. పిడికీ అచ్చుకీ మధ్య ఆయన వదిలిన సందులో గాలి కూడా ఒంటరిగానే పోవాలి.

ఇక ఆస్పత్రిలో పెద్ద డాక్టరు. తనని తప్ప ఇంకెవరినీ మెచ్చుకునే అలవాటు లేని మనిషి, అదీ మితంగానే. ఆయన ఆ పిడిని ప్లాస్టిక్ ఎముకల మీద ఆడించి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, బాగుందన్నాడు. ఆ ఒక్క మాటనీ వర్క్‌షాపు ఓనరు కొన్ని వారాలపాటు వచ్చినవాళ్ళందరికీ వినిపించాడు. పరీక్షలయ్యాయి, అనుమతులు వచ్చాయి. ఇక కావలసింది ఒక మనిషి మోకాలు.

అది ఇంట్లోంచే వచ్చింది.

అత్తగారు ఇంటి కిందిగదిలో ఇస్త్రీ దుకాణం నడిపిన మనిషి. జన్మలో ఎక్కువ భాగం బల్ల ముందు నిలబడే గడిపింది. కూర్చుని ఇస్త్రీ చేసేవాళ్ళని ఆవిడ మనుషుల్లో కలుపుతుంది గానీ ఇస్త్రీవాళ్ళలో కలపదు. ఆ నిలబడటంలో కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. మెట్లు దిగుతుంటే అది చేసే చప్పుడికి కొడుకు, అంటే పిడి మేడమ్ భర్త, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, అలవాటు కొద్దీ “బేరింగు పోయిందమ్మా” అనేవాడు. బేరింగు నీ బుర్రలో పోయిందని ఆవిడ జవాబు.

పిడి మేడమ్‌కి మనసులో ఒక కోరిక ఉండేది. పైకి అనదగ్గది కాదు. తన పిడి మొదటిసారి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ మోకాలి మీద పనిచేస్తే బాగుండునని. ఆ కోరికని అత్తగారు ఆమె అన్నం కలిపే తీరులోనే కనిపెట్టేసింది.

“నీ పిడి మంచిదేనా?” అని అడిగింది.

“మంచిదే అత్తయ్యా.”

“పరాయివాళ్ళకి మంచిదై, నాకు మాత్రం చెడ్డదవుతుందా? నా పేరు రాయించు.”

కోడలు మర్నాడే పేరు రాయించింది.

దగ్గర బంధువులు థియేటర్లో ఉండకూడదని ఆస్పత్రిలో ఒక నియమం. కొత్త పనిముట్టు వాడేటప్పుడు దాన్ని తయారుచేసిన కంపెనీ మనిషి థియేటర్లో ఉండి తీరాలని ఇంకో నియమం. పెద్ద డాక్టరు కాసేపు ఆలోచించి, గుమ్మానికి అవతల ఆవిడ కోడలు, ఇవతల కంపెనీ అని తీర్పు చెప్పాడు. కంపెనీ మనిషికి థియేటర్లో దేన్నీ తాకే హక్కు లేదు. దూరంగా ఒక స్టూలు ఎక్కి నిలబడి, ఎర్ర చుక్క వేసే చిన్న టార్చిలైటుతో ఇదిగో ఇది, అదిగో అది అని చూపించవచ్చు. ఏళ్ళ తరబడి తన చేతుల్లో తిరిగిన వస్తువుని చుక్కతో మాత్రమే తాకాలి.

ఆ రోజు థియేటరు చల్లగా ఉంది. గోడకున్న పెద్ద అద్దం వెనక వేరే ఆస్పత్రుల నుంచి వచ్చిన డాక్టర్లు నిలబడ్డారు. నచ్చితే వాళ్ళూ తీసుకుంటారు. వాళ్ళ పక్కన ఓనరు, ఇస్త్రీ చొక్కాలో, ఊపిరి తక్కువగా వాడుకుంటూ. పాత డబ్బాలు కూడా శుద్ధి చేయించి, సీళ్ళతో గుమ్మం బయట బండి మీద పెట్టారు. అవి అక్కడ ఉండటం కొత్త పిడికి అవమానమని డాక్టరు అభిప్రాయం. థియేటరు సిస్టరు మాత్రం, మోసేది నా నడుమండీ, అవమానం నేను భరిస్తాను, ఉండనివ్వండి అని ఊరుకుంది.

అత్తగారికి వెన్నులో సూది వేసి నడుము కింద మొద్దుబార్చారు. ఛాతీ దగ్గర ఆకుపచ్చ తెర కట్టారు. తెరకి అటు మోకాలు, ఇటు మనిషి. మనిషికి పూర్తిగా మెలకువే. ఈ దుప్పట్లకి ఇస్త్రీ ఎవరు చేశారని ఆవిడ మత్తు డాక్టర్ని అడుగుతోంది. ఎవరూ చెయ్యరమ్మా, ఆవిరిలో పెట్టి తీస్తారంతే అని ఆయన చెప్పాడు. అదే అనుకున్నాను అంది ఆవిడ, జాలిగా.

ఎక్స్‌రే చూసిన చిన్న డాక్టరు, ఎముక బాగా గుల్లబారింది, నెమ్మదిగా అని గుర్తుచేశాడు. తొడకి రక్తం ఆపే పట్టీ బిగించారు. ఆ పట్టీని ఎక్కువసేపు ఉంచకూడదు. అందుకే అక్కడ అందరికీ ఒక కన్ను గోడ గడియారం మీదే ఉంటుంది.

మొదట్లో పెళ్ళివారింటి పనిలా సాగిపోయింది. కొలిచే తల టక్కుమని తగులుకుంది, టక్కుమని వదిలింది. మేకుల తలా అంతే. అద్దం వెనక ఒకాయన తల ఊపాడు. డాక్టరు తొడ ఎముక చివరకి అచ్చు ఆనించాడు, సరిచూసుకున్నాడు, పిడి మీద చిన్న సుత్తితో తట్టి అచ్చుని ఎముకకి హత్తించాడు. పిడి అచ్చుని పట్టుకుని ఉంది గనక, చిన్న డాక్టరు చేతి డ్రిల్లుతో మేకులు దించాడు. ఇప్పుడు పిడి ఊడదీస్తే గాడి ఖాళీ అవుతుంది, రంపం వస్తుంది.

డాక్టరు పిడిని వెనక్కి తిప్పాడు. తిరగలేదు.

ఇంకోసారి తిప్పాడు. రెండు చేతులతో తిప్పాడు. చేతి తొడుగుల కింద ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి. పిడి అచ్చుని వదల్లేదు, అచ్చు ఎముకని వదల్లేదు.

పరిస్థితి ఎంత అందంగా చిక్కుపడిందో పిడి మేడమ్‌కి అక్కడ అందరికన్నా ముందు అర్థమైంది. పిడి అడ్డంగా ఉంటే రంపం గాడిలోకి పోదు. తరవాత వాడాల్సిన ప్రతి పనిముట్టుకీ ఆ పిడే కావాలి. పోనీ మేకులు పీకి అచ్చుని తీసేద్దామంటే, మేకులు పీకే తల కూడా ఆ పిడికే తగిలించాలి. అన్నిటికీ ఒకటే చాలునని ఇన్నేళ్ళు ఊరూవాడా చెప్పుకుంది. ఉన్న ఒక్క తాళంచెవినీ లోపల పెట్టి తలుపు వేసుకున్న ఇల్లాలిలా స్టూలు మీద నిలబడింది.

ఎందుకు పట్టేసిందో కూడా అప్పుడే తెలిసింది. అలా తెలియడం కన్నా తెలియకపోవడమే నయం.

వర్క్‌షాపులో ఒక మర్యాద ఉంది. ఏ వస్తువునైనా చేతికిచ్చేముందు మైక్రాన్ మేస్త్రి దానికి ఒక చుక్క నూనె చూపిస్తాడు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. ఆవిరి యంత్రంలోంచి పరీక్షకని తెచ్చినప్పుడు కూడా, తడి ఆరీ ఆరకముందే నూనెగుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టేవాడు. వందలసార్లు తిప్పి చూశారు, వందలసార్లూ నూనె వేళ్ళతోనే తిప్పారు. ఇక్కడ సబ్బుతో కడిగి, ఆవిరిలో ఉడకబెట్టి, చివరి చుక్క దాకా ఆరబెట్టారు. ఒకే రకం ఉక్కు ఒకే రకం ఉక్కుతో పొడిగా ఒరుసుకుంటే, పైన సుత్తి దెబ్బ కూడా తగిలితే, రెండూ ఒకదాన్నొకటి కొరుక్కుని పట్టేసుకుంటాయి. పుస్తకాల్లో ఉన్న సంగతే. ఆవిడ చదువుకున్నదే. నూనె దాన్ని మరిపించింది.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. బల్ల మీద కూడా అప్పుడప్పుడు కాస్త బిగిసేది. మేస్త్రి చెక్క సుత్తితో పక్కనించి ఒక్కటిచ్చేవాడు, ఊడొచ్చేది. కొత్త కదా, అదే సర్దుకుంటుందనేవాడు. ఆ దెబ్బని ఎవరూ దెబ్బగా లెక్కపెట్టలేదు. ఆవిడా లెక్కపెట్టలేదు.

డాక్టరు చెయ్యి చాపి పెద్ద సుత్తి అడిగాడు.

పక్కనించి ఒక్క దెబ్బ. నూటికి తొంభైపాళ్ళు ఊడొస్తుంది. ఊడొస్తే రంపం వస్తుంది, పని నడుస్తుంది, అద్దం వెనకవాళ్ళకి అదేదో ఆపరేషనులో భాగమే అనిపిస్తుంది. సాయంత్రానికి ఓనరు స్వీట్లు తెప్పిస్తాడు. కాకపోతే వర్క్‌షాపులో అచ్చు ఉండేది వస్తువుని బిగించి పట్టుకునే ఇనప వైసు కోరల్లో. ఇక్కడ ఉన్నది గుల్లబారిన ఎముకలో, మేకుల మీద. ఊడకపోతే ఆ బలమంతా మేకుల్లోకి పోతుంది. ఎముక నిలువునా చీలితే ఇక మోకీలు మార్పిడి కాదు, తొడలోకి పొడవాటి కడ్డీలూ, నెలల తరబడి మంచమూ. ఆ తరవాత నిలబడటమన్నది దేవుడి దయ.

తెర వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది. “ఏంటి, అందరూ మాటలు మానేశారు?”

ఏం లేదమ్మా, కొంచెం బిగుసుకుంది, అయిపోతుందని డాక్టరు చెప్పాడు. ఇరుక్కుపోయిన లిఫ్టులోవాళ్ళతో ఆవిడ కొడుకు మాట్లాడే గొంతు కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఆవిడకి ఆ గొంతు తెలుసు.

“అమ్మాయ్, ఉన్నావా?”

“ఉన్నానత్తయ్యా.”

“ఉంటే నువ్వు చెప్పు.”

గుమ్మానికి ఇవతల కోడలు లేదని తీర్పు ఇచ్చిన డాక్టరు అప్పటికే సుత్తి పైకెత్తాడు. టార్చిలైటు ఎర్ర చుక్క ఇంకా పిడి మీదే ఉంది. పిడి మేడమ్ లైటు ఆర్పేసింది.

“కొట్టకండి సార్.”

చెయ్యి గాల్లో ఆగింది. ఒక్క దెబ్బకి వచ్చేట్టుంది కదా అన్నాడాయన, కళ్ళతో అద్దం వైపు చూస్తూ.

“రావచ్చు సార్. మా బల్ల మీద ఎప్పుడూ వచ్చేది. అక్కడ ఇనుములో బిగించి కొట్టేవాళ్ళం. ఇక్కడ రాకపోతే ఎముక చీలుతుంది. నూనె లేకుండా మేం ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. నా పిడి పనికిరాలేదు సార్. పాత డబ్బాలు తెరిపించండి.”

ఇంత పెద్ద ఉపన్యాసం ఆవిడ ఆ థియేటర్లో అంతకుముందు ఇవ్వలేదు. గోడలోని స్పీకరు గుండా అది అద్దం వెనక్కి కూడా తు.చ. తప్పకుండా వెళ్ళింది. ఓనరు నుదురు అద్దానికి ఆనింది.

డాక్టరు గడియారం చూశాడు. సుత్తి చూశాడు. కాసేపు తెర వైపు చూశాడు, దాని వెనక ఎవరో ఉన్నారని అప్పుడే తెలిసినట్టు. సుత్తి కింద పెట్టాడు. ఆయన నోరు తెరిచేలోపలే గుమ్మం బయట సీళ్ళు తెగుతున్న చప్పుడు వినిపించింది. సిస్టరు ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగలేదు.

పాత పట్టకారుతో మేకులు పీకారు. అచ్చూ పిడీ కౌగిలించుకుని కలిసే బయటికొచ్చాయి. పళ్ళెంలో పడేస్తే ఖంగుమంది. పాత అచ్చు బిగించారు, రంపం పాడింది, మిగతాదంతా పాత పద్ధతిలో, డబ్బా తరవాత డబ్బా తెరుస్తూ జరిగిపోయింది. అద్దం వెనక డాక్టర్లు ఒక్కొక్కరుగా, అడుగుల చప్పుడు కాకుండా, పరామర్శకి వచ్చి వెళ్ళినట్టు వెళ్ళిపోయారు.

“మొత్తానికి నీదా, పాతదా?” అని తెర వెనకనుంచి ఆవిడ అడిగింది.

“పాతదే అత్తయ్యా.”

“సరే, కానివ్వండి” అంది ఆవిడ, బట్టల కొట్లో వేరే రంగు చీరకి ఒప్పుకున్నట్టు.

వార్డులో మత్తు దిగి, కాలు కట్టుతో ఎత్తుగా పెట్టుకుని పడుకున్నాక, మంచం పక్కన కూర్చున్న కోడల్ని చాలాసేపు చూసి, ఆపరేషను నాకయిందా నీకయిందా అని అడిగింది. కొడుకు పళ్ళరసం గ్లాసు పట్టుకుని, ఎవరికివ్వాలో తోచక మధ్యలో నిలబడ్డాడు. అప్పుడే ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. పైన వేలాడే పెద్ద దీపం చుట్టూ గాజు ఉంది కదా, అందులో తెరకి అవతలిదంతా తలకిందులుగా కనబడుతూనే ఉందట. సుత్తి లేవడం కూడా చూసిందట. అరుద్దామని నోరు తెరిచేసరికి కోడలి మాట వినబడిందట.

“నీ మాటకి అంత పెద్ద డాక్టరు ఠక్కున ఆగిపోయాడే,” అంది. “మా ఇంట్లో ఇన్నేళ్ళుగా ఉన్నావు, నీ మాటకి ఇంట్లో ఎవరైనా అలా ఆగారా?”

కొడుకు ఎందుకైనా మంచిదని పళ్ళరసం తనే తాగేశాడు.

వర్క్‌షాపులో విచారణ జరిగింది. పట్టేసుకున్న జంటని కోసి లోపల చూస్తే, రెండు ఉక్కులూ ఒకదాని చర్మం ఒకటి పీక్కున్న గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. మైక్రాన్ మేస్త్రి వాటిని భూతద్దంలో చాలాసేపు చూసి, నూనె రాయడం తప్పంటారా మేడమ్ అని నెమ్మదిగా అడిగాడు. నూనె తప్పు కాదు మేస్త్రీ, ఆస్పత్రిలో నూనె ఉండదని మనిద్దరం మరిచిపోవడం తప్పని ఆవిడ చెప్పింది. ఆయన సబ్బు అడిగాడు. ఆ పూట ఆయన వేళ్ళ అసలు రంగు ఏమిటో వర్క్‌షాపులో కుర్రకారు మొదటిసారి చూశారు.

గొట్టం లోపల ఆవిరికి తట్టుకునే గట్టి ప్లాస్టిక్ తొడుగు వేశారు, ఉక్కుకి ఉక్కు తగలకుండా. పిడికీ అచ్చుకీ మధ్య సందు పెంచారు. వదులుగా చెయ్యమని మేస్త్రిని ఒప్పించడం అన్నిటికన్నా కష్టమైంది. తన చేత్తో వదులు పని చేయడమంటే ఆయనకి నడివయసులో చెడుతోవ పట్టడంతో సమానం. మేకులు పీకే తలకి మాత్రం పిడి మేడమ్ వేరే పిడి గీసింది. ఒకే పిడి అన్న మాటకి అది భంగమే. గీసేటప్పుడు ఆవిడకి పంటి కింద రాయి పడ్డట్టే ఉంది. అయినా గీసింది. ఆ తరవాత ప్రతి పరీక్షా ఉడకబెట్టి, ఆరబెట్టి, పొడి చేతులతో.

పెద్ద డాక్టరు అంతా విని ఒక షరతు పెట్టాడు. ఆ పిడిని మళ్ళీ వాడాలంటే, మొదటిసారి ఏం జరిగిందో పేషెంటుకి మొదటి నుంచి చివరిదాకా ఆవిడే స్వయంగా చెప్పాలి. విన్నాక కూడా సరే అంటే ఆయనకీ సరే. అది న్యాయమేనని పిడి మేడమ్ ఒప్పుకుంది. న్యాయంలో ఉన్న చిక్కు ఆ తరవాత తెలిసింది. ఆవిడ ఏదీ దాచకుండా చెప్పేది, ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఒప్పుకోకపోవడంలో వాళ్ళ తప్పూ లేదు. ఒక పెద్దమనిషి మాత్రం ఆమెని నొప్పించడం ఇష్టం లేక, రెండోవాడికి వాడండమ్మా, మూడోవాడుగా నేను తప్పకుండా వస్తానన్నాడు. రెండోవాడు దొరకలేదు. ఓనరు కొత్త పిడి సామాను ఉన్న అలమార వైపు చూడటం తగ్గించాడు. ఈ ఏడు చివరిదాకా చూద్దాం, తరవాత ఈ పని ఆపేద్దామన్నాడు. సిస్టరు నడుము బెల్టు మార్చి ఇంకా వెడల్పుది కొనుక్కుంది.

అలాంటి రోజుల్లో అత్తగారి ఎడమ మోకాలు మెట్ల మీద చప్పుడు మొదలుపెట్టింది.

కొడుకు ఈసారి బేరింగు మాట ఎత్తలేదు. పిడి మేడమ్ మాత్రం డాక్టరుకి ఫోన్ చేసి, పాత డబ్బాలతోనే చెయ్యమని చెప్పేసింది. అడిగితే అత్తగారు ఒప్పుకుంటుందేమోనని ఆవిడకి భయం. ఒప్పుకోదేమోనని ఇంకో భయం. ఏది పెద్దదో తేల్చుకోలేక అసలు అడగలేదు.

అత్తగారికి ఈ సంగతి సిస్టరు ద్వారా తెలిసింది. ఆ ఇద్దరూ అప్పటికి ఫోన్ స్నేహితులు. సెలవురోజు పొద్దున ఆవిడ చేతికర్ర పట్టుకుని వంటింట్లోకి వచ్చి, ఆ కొత్తదీ దాని అచ్చూ తీసుకురమ్మంది.

“వద్దత్తయ్యా. పాతదే మంచిది.”

“మంచిదో కాదో తేల్చడానికి నువ్వెవరు? మోకాలు నాది. మొన్న దీపం గాజులో చూశాను, ఈసారి చేత్తో చూస్తాను. ఆస్పత్రిలో దీన్ని ఏం చేస్తారు?”

కడిగి, ఆవిరిలో ఉడకబెట్టి, ఆరబెడతారని కోడలు చెప్పింది. ఆవిడ గట్టు మీది కుక్కరు వైపు చూసింది. ఆవిరి యంత్రానికీ కుక్కరుకీ తేడా ఉందని చెప్పబోయి పిడి మేడమ్ ఆగిపోయింది. ఆలోచిస్తే ఆస్పత్రిదానికి విజిలు ఉండదన్నది తప్ప పెద్ద తేడా కనబడలేదు.

కోడలి వర్క్‌షాపు సంచిలోంచి పిడినీ అచ్చునీ తీసి, గిన్నెల సబ్బుతో తోమి, కుక్కరులో పెట్టారు. అన్నం సంగతేమిటని అడగడానికి వచ్చిన కొడుకు, తల్లి మొహం చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. విజిళ్ళు వచ్చాయి. ఆవిరి పోయేదాకా ముగ్గురూ కుక్కరు వైపే చూస్తూ ఉండిపోయారు. పిడి మేడమ్ మూత తీసి, పట్టకారుతో బయటపెట్టి, ఉతికిన గుడ్డ మీద ఆరబెట్టింది. చుక్క తడి లేదు. ఇస్త్రీపెట్టె వేడికి మొద్దుబారిన వేళ్ళతో అత్తగారు దాన్ని ఇంకా వేడిగా ఉండగానే అందుకుంది.

దూర్చింది, తిప్పింది, టక్కుమంది. వెనక్కి తిప్పింది, వదిలింది. మళ్ళీ దూర్చింది. అలా ఎన్నిసార్లు చేసిందో, బట్టల మూట లెక్క చూసుకుంటున్నట్టు తొందరేమీ లేకుండా చేసింది. తరవాత కొడుకుని పిలిచి, సుత్తి తెచ్చి దీన్ని డాక్టరు కొట్టినట్టు కొట్టమంది. అచ్చుని గట్టు అంచుకి ఆనించి, అతను పిడి మీద గట్టిగానే కొట్టాడు. గట్టు మీద గిన్నెలు అదిరాయి.

ఆవిడ పిడిని పట్టుకుని తిప్పింది. కదల్లేదు.

పిడి మేడమ్ గోడకి ఆనుకుంది. అత్తగారు ఇంకా బలం పెట్టింది. మణికట్టు నరాలు పైకి తేలాయి. కొడుకు సాయం చెయ్యబోతే మోచేత్తో నెట్టేసింది. పిడి కదల్లేదు.

పిడి మేడమ్ గోడ వదిలి దగ్గరికొచ్చి చూసింది. “అటు కాదత్తయ్యా. మీరు బిగించే వైపు తిప్పుతున్నారు.”

ఆవిడ ఒకసారి పిడిని, ఒకసారి కోడల్ని చూసింది. ఇటు తిప్పింది. టక్కుమని ఊడి అచ్చు చేతిలోకి వచ్చింది.

ఆవిడ రెండిటినీ గుడ్డ మీద పక్కపక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, నెమ్మదిగా కూర్చుంది.

“డాక్టరుకి ఫోన్ చెయ్యి. దీంతోనే చెయ్యమను. ఎడమ కాలని మాత్రం రెండుసార్లు చెప్పు. ఈ అచ్చుకి ఎడమైనా కుడైనా ఒకటే అంటున్నావు, కనీసం ఆయనకైనా గుర్తుండాలి కదా.”